మున్నార్ ట్రిప్పు కోసం చిట్టీ లేపొచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. జీతం చేతికి 34,000 వస్తుంది. కిరాయి, ఇంటికి పంపేది, 5,000 చిట్టీ అన్నీ పోను నెలకు 8,000 మిగులుతుంది. బ్యాంకులో 42,000 ఉంది. ఈ ఎండాకాలం నా పాత స్విఫ్ట్‌లో ఒక్కడినే మున్నార్ వెళ్లి ఎరవికుళం నేషనల్ పార్క్ చూడాలని ఉంది. 80,000 అవుతుందని లెక్కేశాను. లక్ష రూపాయల చిట్టీలో 20 నెలలకు 7 కట్టాను. 18,000 వదులుకుంటే ఇప్పుడే వస్తుందంటున్నారు. లేపమంటారా, లోన్ యాప్‌లో తీసుకోమంటారా? ఊళ్లో అమ్మానాన్న పత్తి వేస్తారు, జూన్‌లో వాళ్లకు 20,000 పంపాలి.

జవాబు: వెళ్లండి. పక్కనే నల్లమల పెట్టుకుని అంత దూరం ఎందుకని ఇంట్లో అంటారేమో, నేను అనను. కానీ చిట్టీ జోలికి పోవద్దు. యాప్ లోన్ గురించైతే మాట్లాడుకోవడమే అనవసరం.

చిట్టీ లెక్క చూద్దాం. ఇప్పుడు లేపితే 82,000 చేతికొస్తుంది. చివరిదాకా ఆగితే, చిట్టీ నడిపేవాళ్ల కమిషన్ 5 శాతం అనుకుంటే, 95,000 వస్తుంది. 2019 సవరణ తర్వాత చిట్ ఫండ్ చట్టం 7 శాతం దాకా అనుమతిస్తోంది కాబట్టి మీ పాస్‌బుక్ ఒకసారి చూసుకోండి. లేపినా లేపకపోయినా కట్టాల్సిన వాయిదాలు అవే. అంటే ఏడాది ముందు డబ్బు తీసుకున్నందుకు 13,000 పోతోంది, దాదాపు 16 శాతం వడ్డీ. క్రెడిట్ కార్డు బాకీకి నెలకు మూడు, మూడున్నర శాతం దాకా గుంజుతారు, దానితో పోలిస్తే ఇది నయమే. అసలు ఇబ్బంది ఇంకొకటి. కింద నేను వేసిన లెక్క ప్రకారం ట్రిప్పుకు 36,000 చాలు. అంటే మీకు కావాల్సింది ఆ 82,000లో సగం కూడా కాదు, కానీ చిట్టీ లేపితే మొత్తం తీసుకోవాల్సిందే. మిగిలింది ఖాతాలో ఊరికే ఉండదని మీకూ తెలుసు. పైగా లేపినవాళ్లు ష్యూరిటీ పెట్టాలి. ట్రిప్పు కోసం తోటి ఉద్యోగుల దగ్గర సంతకం అడుగుతారా?

80,000 ఎందుకవుతోందో మీరు పంపిన లెక్కలోనే ఉంది: రాత్రికి 6,000 రిసార్టు, 15,000 కెమెరా. ఒక్కడిగా వెళ్లేవాడికి గది ఖర్చు పంచుకునేవాళ్లు ఉండరు, పెట్రోలూ అంతే. కాబట్టి గది దగ్గరే తగ్గించాలి. శని, ఆదివారాలు తప్పించి హోంస్టే చూసుకోండి. నా లెక్క ఇది. జడ్చర్ల నుంచి 44వ జాతీయ రహదారి మీద కర్నూలు, అనంతపురం, బెంగళూరు దాటి మున్నార్ చేరడానికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. రానుపోను, అక్కడి తిరుగుడుతో 2,200. లీటరుకు 16 కిలోమీటర్లు, లీటరు 105 చొప్పున పెట్రోలు 14,500. ఐదు రాత్రులకు గదులు 8,000, తిండి 4,000, బయల్దేరే ముందు సర్వీసింగ్ 4,000, పార్కు టికెట్టు, పార్కింగ్ వగైరా 2,500. టోల్‌కు 3,000 వేసుకోండి. మొత్తం 36,000.

టోల్ దగ్గర ఒక మాట. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది, అప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మీరెలాగూ నెలకు రెండుసార్లు రాయికల్ టోల్ మీదుగా హైదరాబాద్ వెళ్తారు కాబట్టి ఈ ట్రిప్పుతో కలిపి మీకు గిట్టుబాటవుతుంది. రాష్ట్ర రహదారుల టోల్‌కు మాత్రం అది పనికిరాదు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా డబ్బు విషయమే. ఎరవికుళంలో నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు, మామూలుగా ఏప్రిల్‌లో తెరుస్తారు. సెలవు పెట్టే ముందు తెరిచారో లేదో కనుక్కోండి. లోపలికి మన కారు పోనివ్వరు, అటవీ శాఖ బస్సుల్లోనే వెళ్లాలి. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. జూన్ వచ్చిందంటే కేరళలో వానలు. అందుకే మే రెండో, మూడో వారం పెట్టుకోమంటాను. అప్పటికి ఇంకో మూడు జీతాలు వస్తాయి. 42,000కు 24,000 కలిస్తే 66,000.

అందులో జూన్‌లో ఇంటికి పంపే 20,000 ఈరోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. విత్తనాలు, ఎరువులు కొనే వేళ ఆగదు. రైతు భరోసా ఎప్పుడు పడుతుందో చూసి పంపుదామనుకుంటే నాన్నగారు వడ్డీకి తేవాల్సి వస్తుంది. అది పోను, ట్రిప్పు ఖర్చు పోను 10,000 మిగులుతుంది. కర్నూలు అవతల క్లచ్ పోతే పక్కన ఎవరూ ఉండరు, ఆ పదివేలు దానికి. కెమెరాకు కాదు.

కారు పాలసీ గడువు చూసుకోండి. ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందులో ఉందో లేదో, లేకపోతే మీకు విడిగా ఉందో చూడండి. దారిలో బండి ఆగితే లాక్కెళ్లే సదుపాయం లేకపోతే కొద్ది మొత్తానికే కలుపుకోవచ్చు. మే 10 నాటికి, వేరే పెట్టిన ఇరవై వేలు కాక, ఖాతాలో 46,000 లేకపోతే అక్టోబరుకు జరపండి. అప్పటికి వానలు కాస్త తగ్గుతాయి, కొండలు పచ్చగా ఉంటాయి.