ముందు ‘రేపు చెప్తాను’ అనండి

ఎవరేమడిగినా సరేననేస్తున్నానని, తర్వాత కుమిలిపోతున్నానని, గంట ధ్యానం మూడు రోజులకే ఆగిపోయిందని రాశారు. తప్పు మీది కాదు, ఆ గంటది. నేనూ వారం వారం అలిపిరి 3,550 మెట్లు ఎక్కుతానని ఒట్టేసుకుని రెండో వారానికే ఎగ్గొట్టాను. నా మాట మీద నాకే నమ్మకం పోయింది.

కాబట్టి ఐదు నిమిషాలే పెట్టుకోండి, కానీ తప్పకండి. నేను ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంతో మొదలుపెట్టాను. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో ఒక అంకె మీద చూపు నిలిపి, పాదాన్ని మోకాలికి ఆనించకుండా పిక్క మీద పెట్టేవాణ్ణి. మడమ వణుకుతుంది. వణకనీయండి. పడబోతే కాలు దించి మళ్లీ నిలబడండి, తిట్టుకోవద్దు. తర్వాత కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు అంకెలకు వదలండి.

అసలు సాధన ఆఫీసులోనే. ఎవరైనా పని అంటగట్టబోతే మూడు శ్వాసలు ఆగండి. నాకైతే ఇష్టం లేనప్పుడు పొట్ట బిగుసుకుంటుంది, నోటికంటే అదే ముందు చెప్పేస్తుంది. అప్పుడు ‘రేపు చెప్తాను’ అనండి. యోగంలో పాటించమని చెప్పే నీతి నియమాల్లో, అంటే యమాల్లో, సత్యం ఉంది కదా, దాని పక్కనే అహింస కూడా ఉంది. మొహం మీద విసురుగా కొట్టినట్టు చెప్పక్కర్లేదు.

నిద్ర కూడా పట్టనంత టెన్షన్ ఉంటే మాత్రం డాక్టర్‌ని కలవండి. రెండు వారాలయ్యాక ఎలా ఉందో రాయండి.