రూల్స్ మారినప్పుడల్లా మళ్లీ మొదటికి వస్తున్నానా?

ప్రశ్న: మాది తెనాలి. బీకాం కంప్యూటర్స్ అయ్యాక ఏడాదిన్నరగా గుంటూరులో ఓ ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, చెల్లింపులోంచే ముందుగా పన్ను పట్టుకునే టీడీఎస్ చేతికొచ్చాయి అనుకునేలోపే జీఎస్టీ రేట్లు మారాయి, ఆదాయపు పన్నుకు కొత్త చట్టం వచ్చింది. నేర్చుకున్నదంతా వేస్టయిపోతోందని టెన్షన్‌గా ఉంది. నాన్నగారేమో ఇది మానేసి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అంకెలంటే ఇష్టం లేదని రాసి ఉంటే వెంటనే మానేయమని చెప్పేదాన్నమ్మా. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. రూల్స్ మారుతున్నాయన్న ఒక్క కారణంతో మాత్రం మానేయకండి. అవి మారుతున్నాయి కాబట్టే షాపులవాళ్లు మీ ఆఫీసు మెట్లెక్కుతున్నారు.

2025 సెప్టెంబరు 22 గుర్తుందిగా. జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపు పోయాయి. సిమెంటు 28 నుంచి 18కి దిగింది, స్కూలు నోటుపుస్తకాల మీద 12 శాతం కాస్తా సున్నా అయింది. ఒక స్టేషనరీ షాపు ఓనరు గారు వచ్చి, "ట్యాక్సే పోయింది కదమ్మా, ఇక మనకు లెక్కేముంది" అన్నారనుకోండి. 21వ తేదీ రాత్రికి ఆయన గోడౌన్‌లో 4 లక్షల రూపాయల నోటుపుస్తకాలున్నాయి. కొన్నప్పుడు కట్టిన 12 శాతం, అంటే 48 వేలు, ఆయన క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా, తీసేసుకున్నారు. సరుకు పూర్తి మినహాయింపులోకి వెళ్లిందంటే, ముందురోజు స్టాకులో ఉన్నదాని మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. ట్యాక్సు పోయిందని సంబరపడుతున్న మనిషికి 48 వేల సంగతి చెప్పాల్సింది మీరే.

ఆ నియమం ఆ సెప్టెంబరులో పుట్టింది కాదు. 2017 జులై 1న జీఎస్టీ మొదలైన నాటి నుంచీ సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 18వ సెక్షన్‌లో ఉంది. రేటు మారినప్పుడు సరఫరా తేదీని ఎలా లెక్కగట్టాలో 14వ సెక్షన్ కూడా అప్పటినుంచే చెబుతోంది. అంటే మారింది రేటు. మారితే ఏం చేయాలన్నది మొదటినుంచీ అక్కడే ఉంది. మీరు నేర్చుకున్నది రేట్ల పట్టిక మాత్రమే అయితే అది పాతబడుతుంది, నిజమే. క్రెడిట్ ఎందుకు ఇస్తారు, ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు అన్నది పట్టుకుంటే అది పాతబడదు.

ఆదాయపు పన్ను కూడా ఇంతే. 1961 చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 194సీ (కాంట్రాక్టర్లు), 194జే (వృత్తి నిపుణుల ఫీజులు) అని కంఠస్థం చేసిన టీడీఎస్ సెక్షన్లు ఇప్పుడు 393వ సెక్షన్ పట్టికల్లోకి వెళ్లాయి. కానీ కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం పట్టుకోవడం అలాగే ఉంది. ఆదాయం వచ్చిన ప్రీవియస్ ఇయర్, దానికి పన్ను లెక్కగట్టే అసెస్‌మెంట్ ఇయర్ అంటూ క్లయింట్లను తికమకపెట్టే బాధ తప్పి ట్యాక్స్ ఇయర్ అన్న ఒక్క మాట మిగిలింది. అయితే 2025-26 ఆదాయానికి రిటర్ను పాత చట్టం కిందే. పాత సంవత్సరాల నోటీసులూ ఇంకొన్నేళ్లు పాత సెక్షన్లతోనే వస్తాయి. రెండు చట్టాలూ పక్కపక్కన నడిచే ఈ కాలంలో రెండూ తెలిసినవాళ్లకు గిరాకీ ఉంటుంది. మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు.

ఇక రోజువారీ ఎలా పట్టుకోవాలంటే, రీల్స్, వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసి ట్యాలీలో చెయ్యి పెట్టకండి. జీఎస్టీ కౌన్సిల్ రేట్ల నిర్ణయం ప్రకటించింది సెప్టెంబరు 3న, నోటిఫికేషన్ వచ్చింది 17న, అమలు 22న. ఈ మూడు తేదీలూ ఒకటి కావు. పరోక్ష పన్నుల కేంద్ర బోర్డు సీబీఐసీ సైట్‌లో అసలు నోటిఫికేషన్ తెరిచి, మీ క్లయింట్లకు తగిలే లైను ఒక్కటైనా స్వయంగా చదవండి. ఓ పుస్తకం పెట్టుకుని ఏం మారింది, ఎప్పటినుంచి, మన క్లయింట్లలో ఎవరికి అని రాసుకోండి.

ఆ "ఎవరికి" దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నా దగ్గరకు వచ్చిన ఒక అకౌంటెంట్ కుర్రాడి అనుభవం చెబుతాను. 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరయ్యే టర్నోవరు పరిమితి 5 కోట్లకు తగ్గింది. వాళ్ల యూనిట్ టర్నోవరు అంతకుముందు ఏడాది 4 కోట్ల చిల్లర. మనకు వర్తించదులే అనుకున్నాడు. కానీ 2017-18 నుంచి ఏ ఒక్క సంవత్సరం 5 కోట్లు దాటినా చేయాల్సిందే అని రూల్. వాళ్లది ఒక ఏడాది దాటింది. ఆ నమోదులో వచ్చే ఐఆర్‌ఎన్ నంబరు లేని బిల్లు బిల్లే కాదని కొన్నవాళ్లు డబ్బు ఆపేశారు. ఆ కుర్రాడు హెడ్డింగ్ చదివాడు, లోపలి వాక్యం చదవలేదు.

అకౌంటింగ్ స్టాండర్డ్స్ గురించి ఇప్పుడే కంగారు వద్దు. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు ప్రధానంగా లిస్టెడ్ కంపెనీలకు, నెట్‌వర్త్ 250 కోట్లు ఆపైన ఉన్నవాటికి. మీ షాపులు, మిల్లులు ఆ పరిధిలోకి రావు. రేపు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీకి వెళ్లాలనుకుంటే మాత్రం ఆదాయం గుర్తింపుపై ఇండ్ ఏఎస్ 115, లీజులపై 116 ముందు చదవండి. అద్దెను ఖర్చుగా రాసి వదిలేయకుండా, లీజు అప్పును బ్యాలెన్స్ షీట్‌లో ఎందుకు చూపిస్తారో అర్థమైతే మిగతావి అంత భయపెట్టవు.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఏ అర్హతా లేకుండా అసిస్టెంట్‌గానే ఉండిపోతే జీతం ఓ చోట ఆగిపోతుంది, అది చూసే ఆయన అలా అంటున్నారు. బీకాంలో 55 శాతం ఉంటే మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండానే సీఏ ఇంటర్‌లో చేరవచ్చు. అంత లేకపోతే డిగ్రీతోనే కాస్ట్ అకౌంటెన్సీ కోర్సు సీఎంఏ ఇంటర్‌కు వెళ్లవచ్చు. నా ఓటు వీటికే, బ్యాంకు కోచింగ్‌కు కాదు. ఇందులో మీరు ఏడాదిన్నర పనిలో నేర్చుకున్నది కూడా ఉపయోగపడుతుంది.

ఈ నెల ఒక పని చేయండి. అమ్మినవాళ్ల రిటర్నులను బట్టి తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో కనిపించినదానికంటే మనం వేసే 3బీ రిటర్నులో ఎక్కువ క్రెడిట్ తీసుకున్నారని ఏ క్లయింటుకైనా నోటీసు వస్తే, దానికి జవాబు మొదటి డ్రాఫ్టు నేను రాస్తానని మీ సారును అడగండి. ఆయన దాన్ని ఎర్ర పెన్నుతో నింపేస్తారు. ఆ కాగితం పారేయకుండా పుస్తకంలో అంటించుకోండి.