సెరామిక్స్ ‘క్రీప్’ మీద ఎం.టెక్. చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మెటలర్జీలో బి.టెక్. మూడో ఏడు చదువుతున్నాను. అధిక ఉష్ణోగ్రతల్లో సెరామిక్స్ బలం, క్రీప్ (వేడిలో బరువు కింద పదార్థం కాలం గడిచేకొద్దీ మెల్లగా సాగడం లేదా కుంగడం) మీద ఎం.టెక్. చేయాలని ఉంది. ఉద్యోగాలుంటాయా? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఉన్నాయి. కాకపోతే ‘క్రీప్’ పేరుతో నోటిఫికేషన్ పడదు. అందరి చూపూ జెట్ ఇంజిన్ల మీదే. 2016లో సర్వీసులోకి వచ్చిన లీప్ అనే విమాన ఇంజిన్‌లో టర్బైన్ ష్రౌడ్లు (బ్లేడ్ల చుట్టూ ఉండే వలయం ముక్కలు) సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్‌వే మరి. మన దగ్గర ఆ తరహా పని ఎక్కువగా పరిశోధన సంస్థల్లో దొరుకుతుంది: హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం), తిరువనంతపురంలో వీఎస్‌ఎస్‌సీ (ఇస్రో రాకెట్ కేంద్రం), కోల్‌కతాలో సీజీసీఆర్‌ఐ (గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ). ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ.

ఎక్కువమందికి అన్నం పెట్టేది రిఫ్రాక్టరీ (కొలిమి వేడిని తట్టుకునే ఇటుకలు, పూతలు) రంగం. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట బ్లాస్ట్ ఫర్నేస్‌కు వేడిగాలి పంపే స్టవ్‌లలో చెకర్ ఇటుకలు (గాలి పోయేలా రంధ్రాలున్నవి) తమ బరువు తామే మోస్తూ ఏళ్ల తరబడి ఎర్రగా కాలుతుంటాయి. అవి కుంగితే గాలి దారులు మూసుకుపోతాయి. అందుకే 50 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. ఎత్తున్న నమూనా మీద 0.2 మెగాపాస్కల్ ఒత్తిడి పెట్టి, 5వ గంటకూ 25వ గంటకూ మధ్య ఎంత కుంగిందో కొలుస్తారు. ఈ పరీక్ష చేయడం, రిపోర్టు చదవడం వస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి విషయం ఉన్నట్టే.

ఇప్పుడే నేర్చుకోవాల్సింది ఫోర్ పాయింట్ బెండింగ్, అంటే కడ్డీని కింద రెండు ఆధారాల మీద పెట్టి పైన రెండు చోట్ల నొక్కి విరగ్గొట్టే పరీక్ష. కడ్డీ 3×4×45 మి.మీ., బయటి స్పాన్ (కింది ఆధారాల మధ్య దూరం) 40 మి.మీ., లోపలి స్పాన్ (పైన నొక్కే చోట్ల మధ్య దూరం) 20 మి.మీ. ఒత్తిడి 3PL/4bd² (P లోడ్, L బయటి స్పాన్, b కడ్డీ వెడల్పు 4, d మందం 3). అంటే 360 న్యూటన్ల దగ్గర విరిగితే బలం 300 మెగాపాస్కల్. గ్రైండింగ్ గీతలు కడ్డీ పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. అంచులకు 0.12 మి.మీ. చాంఫర్ తీయకపోతే (మూలను ఏటవాలుగా అరగదీయకపోతే) మీరు కొలిచేది పదార్థం బలం కాదు, అంచు పెచ్చుల బలం. వైబుల్ మాడ్యులస్ (కడ్డీకీ కడ్డీకీ బలం ఎంత మారుతుందో చెప్పే అంకె) చెప్పాలంటే 30 కడ్డీలైనా విరగ్గొట్టాలి. అయిదారింటితో గ్రాఫ్ గీసి మాడ్యులస్ రాసేసిన ప్రాజెక్టులు కొల్లలు. వైవాలో మొదట పట్టుబడేది అదే.

క్రీప్‌కు వస్తే, బెండింగ్ డేటాను నమ్మి స్ట్రెస్ ఎక్స్‌పోనెంట్ (ఒత్తిడి పెరిగితే క్రీప్ రేటు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం) తీయకండి. సిలికాన్ నైట్రైడ్‌ను సింటర్ చేయడానికి (పొడిని వేడితో గట్టి ముద్దగా అతికించడానికి) కలిపిన ఇట్రియా, మెగ్నీషియాల వల్ల గ్రెయిన్ల (పదార్థంలోని చిన్న స్ఫటికాల) మధ్య గాజు పొర మిగులుతుంది. వేడికి అది మెత్తబడి, లాగుడు పడే వైపు సందులు పుట్టి, ఆ వైపు త్వరగా సాగుతుంది. న్యూట్రల్ యాక్సిస్ (కడ్డీలో లాగుడూ నొక్కుడూ లేని గీత) జరిగిపోతుంది, మీ సూత్రం మాత్రం అది మధ్యలోనే ఉందనుకుని లెక్క కడుతుంది.

ఉష్ణోగ్రత మీద కూడా ఒక కన్నేయండి. యాక్టివేషన్ ఎనర్జీ (ఉష్ణోగ్రతకు క్రీప్ ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) మోల్‌కు 500 కిలోజౌల్స్ ఉన్న పదార్థానికి 1400 డిగ్రీల దగ్గర థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ జత) 10 డిగ్రీలు తప్పు చూపితే క్రీప్ రేటు దాదాపు 24 శాతం మారిపోతుంది. ఈ వేడికి కె-టైప్ పనికిరాదు, బి-టైప్ వాడాలి. గ్రెయిన్ సైజు కూడా అంతే: కోబుల్ క్రీప్‌లో (గ్రెయిన్ సరిహద్దుల వెంట అణువులు జరగడం వల్ల వచ్చే క్రీప్‌లో) అది సగమైతే రేటు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే గ్రెయిన్ సైజు రాయని క్రీప్ డేటాతో ఉపయోగం లేదు.

ఎం.టెక్. ప్రవేశ పరీక్ష గేట్‌లో మెటలర్జీ పేపరు రాయండి. ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరులో మెటీరియల్స్ సైన్స్ సెక్షన్ కూడా ఉంది కానీ, మీ సిలబస్‌కు మొదటిదే దగ్గర. సెరామిక్ విభాగమే ప్రత్యేకంగా కావాలంటే ఎన్‌ఐటీ రూర్కెలా, ఐఐటీ బీహెచ్‌యూ చూడండి.

చేరే ముందు గైడ్‌ను రెండు అడగండి. క్రీప్ ఫ్రేమ్ (వేడిలో నమూనా మీద లోడ్ నిలిపి ఉంచే యంత్రం) ఇప్పుడు నడుస్తోందా? ఫర్నేస్‌కు జనరేటర్ ఉందా? వంద గంటల పరీక్షలో ఎనభయ్యో గంటకు కరెంటు పోతే ఆ నమూనా లోడ్ కిందే చల్లారిపోతుంది, మళ్లీ వేడి చేసినా పాత కర్వ్‌కు అతకదు. ఫ్రేమ్ ఒక్కటే ఉండి విద్యార్థులు ముగ్గురుంటే, ఒకే నమూనా మీద అంచెలంచెలుగా లోడ్ పెంచే స్ట్రెస్ జంప్ పద్ధతికి మొదటి నెలలోనే గైడ్‌ను ఒప్పించండి.