విరేచనాలవుతుంటే బాబుకు పాలు మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదో నెల. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తున్నాడు, వాంతి కూడా చేసుకున్నాడు. పళ్లొస్తున్నందుకే ఇలా అవుతోందని, నేను మామిడిపండ్లు తినడం వల్ల పాలు వేడి చేశాయని మా అత్తమ్మ అంటున్నది. పాలు, అన్నం ఆపి బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ మాత్రమే పట్టమంటున్నది. నిన్న పాలు మాన్పిస్తే విరేచనాలు కొంచెం తగ్గినయి. కానీ బాబు ఒకటే ఏడుపు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

డాక్టర్ సలహా: ముందు బాబుకు పాలివ్వండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

పాలు మాన్పిస్తే విరేచనాలు తగ్గాయన్నారు చూశారా, చాలా ఇళ్లలో ఈ నమ్మకం బలపడేది అక్కడే. లోపలికి వెళ్లేది తగ్గితే బయటికి వచ్చేదీ తగ్గుతుంది. అంతమాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. పేగులో ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది, బిడ్డ మాత్రం ఆకలితో నీరసించిపోతాడు. తాగిన పాలు తాగినట్టే పోతున్నాయని కూడా తల్లులు భయపడుతుంటారు. పొట్టలో పాలు పడగానే పెద్దపేగు కదలడం సహజం. అప్పుడు బయటికొచ్చేది అంతకుముందే పేగులో ఉన్నది, ఇప్పుడు తాగిన పాలు కాదు. విరేచనాలు అవుతున్నా తిన్నదాంట్లో చాలా భాగం ఒంటికి పడుతుంది.

మామిడిపండుకు దీంతో సంబంధం లేదు. ఎండన పడి వచ్చిన తల్లి పాలు పిండి పారబోయాలనే మాటా వినిపిస్తుంటుంది, అదీ అవసరం లేదు. మీకెవరైనా పథ్యం పెట్టి ఉంటే మానేసి కడుపునిండా తినండి. పళ్లొచ్చే విషయంలో మీ అత్తగారు గమనించింది మాత్రం తప్పు కాదు. ఆ వయసులో విరేచనాలు ఎక్కువే. పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం, పైతిండి మొదలవడం, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గడం అన్నీ ఆ నెలల్లోనే జరుగుతాయి. నేరం పళ్ల మీద పడుతుంది.

విరేచనాల్లో అసలు ప్రమాదం ఒంట్లో నీరు, లవణాలు పోవడం. అందుకే వాటిని భర్తీ చేసే ఓఆర్‌ఎస్ పొడి. లీటరు ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి, అంచనాగా సగం సగం వద్దు. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా ఇవ్వండి. కలిపిన ఓఆర్‌ఎస్ 24 గంటలు దాటితే పారబోయండి. పొడి ప్యాకెట్టే కొనండి, అట్టపెట్టెల్లో వచ్చే తీపి డ్రింకులు వద్దు. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది దీనికోసమే. గ్లూకోజ్ నీళ్లు, జ్యూసులు కూడా ఇవ్వకండి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి.

దీంతోపాటు జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు మధ్యలో ఆగినా సరే. బిళ్లను చెంచాడు పాలలో కరిగించవచ్చు. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్తను అడగండి. విరేచనాలు బిగబట్టే మందులు, మెడికల్ షాపులో చెప్పిన యాంటీబయాటిక్ మాత్రం వేయొద్దు.

రెండు రోజులైంది కాబట్టి డాక్టర్‌కు ఒకసారి చూపించండి. మలంలో రక్తం, ఆగని వాంతులు, లోతుకు పోయిన కళ్లు, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, పాలు కూడా తాగలేని మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాడు గుంట పడితే ఆముదం అద్దుతూ కూర్చోకండి, అది నీరు తగ్గిపోయిన గుర్తు.

సగ్గుబియ్యం జావ విషమేమీ కాదు, ఇష్టపడితే ఇవ్వండి. కానీ అది పాలకూ అన్నానికీ బదులు కాదు. పెసరపప్పుతో మెత్తగా ఉడికించిన అన్నం, చుక్క నెయ్యి, పెరుగన్నం, చిదిమిన అరటిపండు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక కూడా రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా తినిపిస్తే పోయిన బరువు తిరిగి వస్తుంది.