‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మీరే రాశారు కదా!

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు గోల్డ్ లోన్ కంపెనీ బ్రాంచిలో ఆరేళ్లుగా అసిస్టెంట్ మేనేజర్‌ని. కొత్త ఏరియా మేనేజర్ వచ్చాక నరకం మొదలైంది. రాత్రి పదకొండు గంటలకు కాన్ఫరెన్స్ కాల్స్, టార్గెట్ అందుకోనివాళ్లను వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ తిట్టడం, ఆదివారాలు కూడా డ్యూటీ. నిద్ర పట్టదు. ఫోన్ మోగితే గుండె దడ. ‘రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ అయినా వస్తుంది, లేకపోతే టెర్మినేట్ చేస్తాం’ అని కేబిన్‌లో కూర్చోబెట్టి మెయిల్ పెట్టించారు. రెండు నెలల నోటీసు ఈ నెల 28తో అయిపోతుంది. గ్రూపు మెసేజ్‌లు ఫోన్ మార్చినప్పుడు పోయాయి. తెలిసిన డాక్టరు గారు ఆరు నెలల కిందటి తేదీతో డిప్రెషన్ సర్టిఫికెట్ ఇస్తానన్నారు. ఏరియా మేనేజర్ మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చా? నష్టపరిహారం వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఏరియా మేనేజర్ గురించే. మీ కేసును తేల్చే వాక్యం మాత్రం ఒక్కటే: ‘నోటీసు 28తో అయిపోతుంది’. నేను ఇది రాస్తున్న రోజుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అందుకే ఈ జవాబును మీకు విడిగా మెయిల్ కూడా చేశాను. క్రిమినల్ కేసు సంగతి, పరిహారం సంగతి తర్వాత చూద్దాం. ఈ రోజే ఆ రాజీనామాను వెనక్కి తీసుకోండి.

ఫలానా తేదీ నుంచి అమల్లోకి వస్తుందని ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే ఉపసంహరించుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లోనే, ఒక హైకోర్టు జడ్జి రాజీనామా కేసులో చెప్పింది. 1989 నాటి పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసు మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అధికారి జనవరిలో రాజీనామా ఇచ్చారు, జూన్ నెలాఖరు నుంచి అమలన్నారు. బ్యాంకు వెంటనే ఆమోదించింది. ఆయన ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆ ఉపసంహరణ చెల్లుతుందని కోర్టు తీర్పిచ్చింది. ‘మీది ఎప్పుడో యాక్సెప్ట్ అయిపోయింది’ అని మీ హెచ్‌ఆర్ అంటే భయపడకండి. ఆమోదించిన రోజు కాదు, అమల్లోకి వచ్చే రోజే ముఖ్యం. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మీది ప్రైవేటు కంపెనీ. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘నోటీసు కాలం పూర్తి కాకముందే రిలీవ్ చేసే హక్కు కంపెనీకి ఉంది’ అనే షరతు ఉందేమో చూడండి. ఉంటే తొమ్మిది రోజులు కూడా మీ చేతిలో లేనట్టే.

ఇప్పుడు కోపం తెచ్చుకోకుండా వినండి. ఆ మెయిల్‌లో మీరు ‘పర్సనల్ రీజన్స్’ అని రాశారు. చివర్లో ‘ఇంతకాలం అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు’ అని కూడా ఉంది. ఆ తర్వాత యాభై రోజుల పాటు బలవంతంగా రాయించారని ఒక్క మాట ఎవరికీ రాయలేదు. ఆరేళ్లు తాకట్టు కాగితాల మీద ప్రతి అక్షరం చూసి సంతకం పెట్టించినవారు, సొంత కాగితం చదవకుండా పంపేస్తారా? బలవంతంగా రాయించారని నిరూపించే భారం మీదే. జడ్జి అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత తిట్టారు’ అని కాదు, ‘ఈ మాట మొదటిసారి ఎప్పుడు బయటపెట్టావు’ అని. 28కి ముందు పెట్టిన మెయిల్ ఉద్యోగం నిలుపుకునే దారి. రేపు కేసు నడిస్తే మీ మొదటి సాక్ష్యమూ అదే.

నాలుగు వాక్యాలు చాలు. ‘ఫలానా తేదీన పంపిన రాజీనామా నా ఇష్టంతో ఇచ్చింది కాదు. ఫలానా రోజు, ఫలానా సమయానికి, ఫలానావారు ఉండగా రాయించారు. అది ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి ఉపసంహరించుకుంటున్నాను. ఉద్యోగంలో కొనసాగడానికి సిద్ధంగా ఉన్నాను.’ తిట్లు, శాపాలు వద్దు. హెచ్‌ఆర్‌కు మెయిల్ చేసి, మీ సొంత ఐడీకి కాపీ పెట్టి, అదే కాగితం మీద సంతకం చేసి హెడ్డాఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ ఊపులో కస్టమర్ల వివరాలున్న ఆఫీసు ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకండి. కంపెనీకి మీ మీద కేసు మీరే అప్పగించినట్టవుతుంది.

ఇక సర్టిఫికెట్. వద్దు. మీకు నిజంగానే జబ్బు ఉండవచ్చు, కానీ వెనకటి తేదీ వేసిన క్షణంలో నిజమైన జబ్బు కూడా అబద్ధమైపోతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఓపీ రిజిస్టరు తెప్పిస్తారు. ఆ రోజు మీ పేరు అందులో ఉండదు. మందుల చీటీ, బిల్లు ఏవీ ఉండవు. కోర్టు విచారణలో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఏరియా మేనేజర్‌ను పంపాలనుకున్న చోటికి మీరు వెళ్తారు, ఆ డాక్టరు గారు కూడా వస్తారు. నిద్ర లేదు, గుండె దడ అంటున్నారు కదా, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, రేపు పొద్దున్నే వెళ్లండి. ఎన్నాళ్ల నుంచి, ఏం జరిగితే మొదలైందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. చికిత్స చేసిన డాక్టరు ఈ నెల తేదీతో రాసుకున్న నోటుకు కోర్టులో విలువ ఉంటుంది. ‘బర్నౌట్’ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 జాబితాలో దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు. ఉద్యోగానికి మచ్చ అని జంకకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ రికార్డులు మీరు అడిగి తీసుకోవచ్చు, మీ అనుమతి లేకుండా ఆసుపత్రి వాటిని కంపెనీకి ఇవ్వకూడదు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వాట్సాప్ మెసేజ్‌లు మీ ఫోన్లో పోతే గ్రూపులో మిగతావాళ్ల దగ్గర ఉండవా? నోరు విప్పే ఒక్క సహోద్యోగిని పట్టుకోండి. స్క్రీన్‌షాట్ చాలదు, మెసేజ్‌లున్న ఫోన్‌ను అలాగే ఉంచమనండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి. రాత్రి కాల్స్‌కు మీ కాల్ లిస్టు ఉంటుంది, ఆదివారాలకు బ్రాంచి హాజరు ఉంటుంది.

క్రిమినల్ కేసు మీద ఆశ పెట్టుకోకండి. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థ ఉద్యోగిని పెట్టిన కేసును 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. పై అధికారి పని విషయంలో మందలించడం నేరపూరిత అవమానం కిందకు రాదని చెప్పింది. మనసు మీద పడే పని ఒత్తిడిని పేరు పెట్టి ప్రమాదంగా గుర్తించిన చట్టం మనకు లేదు. వృత్తి భద్రత కోడ్ 2020 ఆరోగ్యానికి ముప్పు లేని పని వాతావరణం కల్పించాలని యజమానికి బాధ్యత పెట్టింది కానీ, రాత్రి కాల్స్ గురించి అందులో ఏమీ లేదు.

మిగిలింది కార్మిక వివాదాల ట్రిబ్యునల్ (ఇదివరకటి లేబర్ కోర్టు) దారి. అది చట్టం దృష్టిలో ‘వర్కర్’ అయినవారికే, అంటే మేనేజర్ పని చేయనివారికే. మీ కార్డు మీద అసిస్టెంట్ మేనేజర్ అని ఉంది సరే, మీ కింద ఎవరున్నారు? ఎవరికైనా సెలవు మంజూరు చేశారా? నగలు తూచడం, రసీదు రాయడం, క్యాష్ చూడటమే మీ పని అయితే హోదా పేరు అడ్డురాదు, చేసిన పనినే కోర్టు చూస్తుంది. వర్కర్ అని తేలితే ఉద్యోగం తిరిగి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కాదంటే సివిల్ కోర్టులో నష్టపరిహారమే, దానికి గడువు మూడేళ్లు. లేబర్ వివాదానికీ పాత చట్టంలో మూడేళ్లే ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్లు దాటితే కార్మిక శాఖలో ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే అధికారి విచారణే జరపడు. అక్కడ తేలకపోతే ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పాత లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, వినకండి.

ఫుల్ అండ్ ఫైనల్ (బకాయిల చివరి లెక్క) కాగితం ముందు పెట్టి ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అన్న లైను కింద సంతకం అడుగుతారు. డబ్బు తీసుకోండి, అది మీదే. వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో ఇవ్వాలి కూడా. సంతకం పక్కన ‘అభ్యంతరంతో’ అని మీ చేత్తో రాయండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి.

29వ తేదీ ఉదయం మామూలుగా బ్రాంచికి వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే గొడవ పడకండి. గేటు దగ్గర నిలబడే మెయిల్ పెట్టండి: ‘డ్యూటీకి వచ్చాను, రానివ్వలేదు.’ ఆ మెయిల్ ప్రింటు, స్పీడ్ పోస్టు రసీదు, ఆసుపత్రి చీటీ పట్టుకుని అటునుంచి అటే రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి.