ఎర్రచందనమా, వేగిసా? వాసన చూసి తేల్చకండి

పొలం గట్టు మీద చెట్టు ఎర్రచందనమో వేగిసో ఎలా పోల్చుకోవాలి, రెండూ దగ్గరి చుట్టాలే అయితే ఒకదానికే అంత కాపలా ఎందుకు అని కదా మీ ప్రశ్న.

ముందు ముక్కు పక్కన పెట్టండి. ఎర్రచందనానికి సువాసన ఉండదు. వాసన శ్రీగంధానిది, ఆ చెట్టు కుటుంబమే వేరు. పేరులో చందనం ఉందని కర్రను వాసన చూసేవాళ్లు ఎన్నాళ్లకు మారతారో!

రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతి చెట్లే. ఎర్రచందనం ఈనెకు మామూలుగా మూడు గుండ్రటి ఆకులు, ఎప్పుడైనా ఐదు. వేగిసకు ఐదు నుంచి ఏడు, కోలగా, కొస నొక్కుపడి ఉంటాయి. లేత మొక్కల్లో ఈ లెక్క నిలవదు. ముదిరిన ఎర్రచందనం బెరడు నల్లబడి మొసలి వీపులా పలకలుగా పగులుతుంది. గాటు పెడితే ఎర్ర జిగురు రెండిటికీ కారుతుంది, దాన్ని నమ్మొద్దు.

ఎండు కర్ర దొరికితే చేవ, అంటే లోపలి ముదురు రంగు కర్ర, పొట్టు చిటికెడు తీసి ఒక గ్లాసు నీళ్లలో, ఇంకో గ్లాసు స్పిరిట్‌లో వేయండి. వేగిసైతే నీళ్లు పసుపు గోధుమ రంగుకు తిరిగి, ఎండకు పట్టి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. ఎర్రచందనం చన్నీళ్లలో దాదాపు రంగు వదలదు, స్పిరిట్‌లో మాత్రం ఎర్రగా దిగుతుంది. పొట్టు చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కది అయితే ఏదీ తేలదు. పరీక్ష తప్పేది ఎక్కువగా అక్కడే. అన్నట్టు, షుగర్ తగ్గుతుందని వేగిస కర్రతో చేసిన గ్లాసులో నీళ్లు తాగుతున్నామని షుగర్ మాత్రలు మానకండి.

కాపలా సంగతికొస్తే, వేగిస దేశంలో చాలా అడవుల్లో ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం, లంకమల, పాలకొండలు, వెలిగొండల చుట్టుపక్కల రాతి నేలల్లోనే. పెరుగుదల నిదానం, ధర ఉన్నది చేవకే, అందుకే ముదురు చెట్లే ముందు పోతాయి. 1995 నుంచి ఎర్రచందనం సైటీస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వేగిసనూ తేలిగ్గా తీసుకోవద్దు, ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పుకు చేరువైన వాటిలో చేర్చింది.

ఎర్రచందనం నాటాలనుకుంటే నీరు నిలవని గరప నేల చూడండి. పట్టా భూమైనా అడంగల్‌లో రాయించండి, కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి తప్పదు. కాయల రెక్కలు కత్తిరించి మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. రెండు మూడు వారాలకూ మొలక రాకపోతే నర్సరీవాడితో గొడవకు దిగేముందు కాయ పగలగొట్టి చూడండి. చాలాసార్లు లోపల గింజే ఉండదు.