ప్యాకెట్లో ఉన్నది ఏ మాంసం అన్నా?

ప్రశ్న: అన్నా, మాది కందుకూరు. ఎమ్మెస్సీకి బర్మింగ్‌హామ్ వచ్చాను. మా ఇంట్లో బీఫ్ ముట్టరు. ఇక్కడ బీఫ్ పేరుతో గుర్రం మాంసం అమ్మారని ఎవరో చెప్పారంట, మా అమ్మ రోజూ ఫోన్ చేసి మాంసమే మానేయమంటోంది. నిజంగా అలా జరుగుతుందా? తెలీక గుర్రం తింటే ఏమన్నా అవుతుందా?

జవాబు: అమ్మ విన్నది కట్టుకథేం కాదు తమ్ముడూ. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ 27 రకాల బీఫ్ బర్గర్లు పరీక్ష చేయిస్తే పదింటిలో గుర్రం డీఎన్‌ఏ, 23 రకాల్లో పంది డీఎన్‌ఏ బయటపడ్డాయి. టెస్కో సూపర్‌మార్కెట్లో అమ్మే ఒక చవక బర్గర్లోనైతే మాంసంలో 29 శాతం గుర్రమే. మరుసటి నెల ఫైండస్ కంపెనీ బీఫ్ లసానియా వంతు, పిండి పొరల మధ్య కీమా పెట్టే వంటకం అది. కొన్ని ప్యాకెట్లలో బీఫ్ అన్నదే లేదు, అంతా గుర్రం.

ఆ మాంసం రుమేనియా కబేళాలో గుర్రం పేరుతోనే బయల్దేరింది. సైప్రస్‌లో రిజిస్టరైన ఓ దళారీ కంపెనీ కాగితాల మీదుగా ఫ్రాన్సు చేరి, దారిలో పేరు మార్చుకుని బీఫ్ అయింది. లక్సెంబర్గ్ ఫ్యాక్టరీలో లసానియాలోకి దూరి ఇంగ్లండ్ ఫ్రీజర్లకొచ్చింది. ఈ తతంగం నడిపిన డచ్ వ్యాపారికి పారిస్ కోర్టు 2019లో రెండేళ్లు జైలు వేసింది. ఇన్ని చేతులు మారిన కీమాని చూసి ఇది ఫలానా జంతువని ఎవడు చెప్పగలడు?

ఇక తింటే ఏమవుతుందంటావా. గుర్రం మాంసం విషం కాదు. ఫ్రాన్సు, ఇటలీ, బెల్జియం, కజకిస్తాన్‌లలో కొనుక్కుని మరీ తింటారు, జపాన్‌లో పచ్చిగా కూడా తింటారు. చిక్కు ఎక్కడంటే, యూరప్‌లో చాలా గుర్రాలు తినడానికి పెంచినవి కావు. పందేల గుర్రాలు, స్వారీ గుర్రాలు. వాటికి నొప్పులకి ఫినైల్‌బ్యూటజోన్ ఇస్తారు, బ్యూట్ అంటారు. మనుషుల్లో ఆ మందు అరుదుగానైనా ఎముక మజ్జని దెబ్బతీసి రక్తం తయారవకుండా చేస్తుంది. అందుకే ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టని ఓ గుర్తింపు పుస్తకం ఉంటుంది. బ్యూట్ ఎక్కిన గుర్రం ఇక తిండికి పనికిరాదని అందులో రాయాలి. ఇంకోటి, ట్రైకినెల్లా అనే పురుగు. ఫ్రాన్సు, ఇటలీల్లో వెనక గుర్రం మాంసం తిని జనం జబ్బుపడ్డారు, అందుకని గుర్రం కోస్తే ఆ పరీక్ష చేసి తీరాలి. ఇదంతా అది గుర్రమని కాగితం మీద ఉన్నంతసేపే. బీఫ్ అని రాసుకున్న పెట్టెకి గుర్రం పరీక్షలు ఎవరు చేస్తారు?

అయినా అమ్మని మరీ భయపడొద్దని చెప్పు. అప్పట్లో ఇక్కడ 206 గుర్రాల్ని పరీక్షిస్తే ఎనిమిదింటిలో బ్యూట్ కనిపించింది. మందు మోతాదంత బ్యూట్ ఒంట్లోకి పోవాలంటే పూర్తిగా గుర్రం మాంసంతో చేసిన బర్గర్లు రోజుకి 500 నుంచి 600 తినాలని అప్పటి ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి శాలీ డేవిస్ లెక్క చెప్పారు. అన్ని బర్గర్లు తినేవాడు బ్యూట్ దాకా బతకడులే.

ఆ మాటకొస్తే, గుర్రమా ఛీ అని తెల్లోళ్లని మనం అనడానికి లేదు. 2021 మొదట్లో మన ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో గాడిద మాంసం అమ్ముతున్నారని పేపర్లన్నీ రాశాయి. నడుం నొప్పి పోతుందని, ఉబ్బసం తగ్గుతుందని కొనేవాళ్లు. మన ఆహార చట్టం ప్రకారం గాడిద తినదగిన జంతువు కాదు. కాకపోతే అక్కడ కొనేవాడికి తను ఏం కొంటున్నాడో తెలుసు.

నువ్వు బీఫ్ తిననోడివి కాబట్టి నీకు అసలు జాగ్రత్త వేరే. గుర్రం సంగతి వదిలెయ్, టేకవే, అంటే పార్సిల్ కొట్లలో అమ్మే లాంబ్ (గొర్రె మాంసం) కర్రీ చూసుకో. విచ్ అనే వినియోగదారుల సంస్థ 2014లో లండన్, మీ బర్మింగ్‌హామ్ రెస్టారెంట్లు, టేకవేల నుంచి 60 లాంబ్ వంటకాలు కొని పరీక్షిస్తే 24లో వేరే మాంసం కలిసింది. ఏడింటిలో లాంబ్ అసలు లేనే లేదు. ఎక్కువగా కలిసేది బీఫ్, కోడి. గొర్రె ఖరీదు, అవి చవక. రాత్రి పదకొండింటికి మూడు పౌండ్లకి లాంబ్ డోనర్ కబాబ్ అంటే ఎట్టా నమ్ముతావబ్బా?

మా నాయన ఆదివారం పొద్దున నెల్లూరు చిన్నబజారు కొట్టుకి పోతే ముందు తోక చూసేవాడు. ఏ జంతువో తెలియాలని ఒలిచిన పొట్టేలుకి తోక వదిలేసేవాళ్లు, తలకాయ పక్కనే ఉండేది. తొడ మీద వేలితో నొక్కి, ఆడ కొట్టు అని చూపించి, కత్తి ఆగేదాకా అక్కడే నిలబడేవాడు. కీమా అయినా సరే, ముక్క చూసి తర్వాతే కొట్టించేవాడు. నువ్వూ అదే చెయ్. కీమా ప్యాకెట్ కొనకు, ఎముకతో ఉన్న ముక్క తీసుకో. మేక కావాలంటే హలాల్ కొట్టుకి పో, అడిగితే కళ్లముందే కోసిస్తారు. కీమా కూడా ముక్క చూపించి ఆడించుకో.

సూపర్‌మార్కెట్లో పచ్చి లాంబ్ ప్యాకెట్ మీద గొర్రె ఎక్కడ పెరిగింది, ఎక్కడ కోశారు రాసి ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం గీతలో జీబీ (బ్రిటన్) లాంటి దేశం గుర్తు, కింద ఫ్యాక్టరీ నంబరు ఉంటాయి. రెడీమీల్ అయితే వెనక్కి తిప్పి పదార్థాల వరస చదువు, లాంబ్ ఎంత శాతమో పక్కనే వేస్తారు. ముందు పెద్దక్షరాల్లో లాంబ్ అని రాసి వెనక పన్నెండు శాతమో, బీఫ్ కొవ్వో కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చెయ్. ఈ ఒక్క చదువుకి నీ ఎమ్మెస్సీ కంటే తక్కువ టైమే పడుతుంది.

ఎప్పుడైనా అనుమానం వస్తే కొట్టువాడితో గొడవ పెట్టుకోకు. మిగిలినదాన్ని ప్యాకెట్‌తో సహా ఫ్రీజర్లో పెట్టి, బిల్లు దాచి, మీ కౌన్సిల్, అంటే మున్సిపాలిటీలో కల్తీలు, మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్లకి ఫిర్యాదు చెయ్. స్టూడెంట్ వీసా మీద ఉన్నావని జంకొద్దు, ఫిర్యాదుకీ వీసాకీ సంబంధం లేదు.